డెక్కు తుల్సీరాం

ఆ తండాలో తుల్సీరాంలు ముగ్గురు. మేకలు కాసే ఆయన మేకల తుల్సీరాం. రోడ్డు పక్కన కొట్టు పెట్టుకున్నాయన కొట్టు తుల్సీరాం. మూడో ఆయన డెక్కు తుల్సీరాం. సారపాక దాటి జామాయిల్ తోటల్లోంచి లోపలికి వచ్చిన కొత్తవాళ్లు ఒట్టి తుల్సీరాం ఇల్లెక్కడ అని అడిగితే, ఏ తుల్సీరాం అని ఎదురు ప్రశ్న వస్తుంది. డెక్కు అన్నారంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వాకిట్లో నిలబెడతారు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. ఎందుకు ప్రాణమో తెలియాలంటే ముందు లచ్చిరాం సంగతి తెలియాలి.

లచ్చిరాం, తుల్సీరాం భార్య మంగ్లికి సొంత అన్న. పక్కిల్లే. బావాబావమరుదులిద్దరూ ఒకే ఏడు కాగితం మిల్లులో లారీల నుంచి కర్ర దింపే పనికి చేరారు. కొన్నాళ్లకు లచ్చిరాం పర్మినెంటయ్యాడు. తుల్సీరాం కాంట్రాక్టు కూలీగానే ఉండిపోయాడు. మంట అక్కడ అంటుకుంది. లచ్చిరాంకు మిల్లు యూనిఫాం వచ్చింది, తుల్సీరాం పాత చొక్కాతోనే పోయాడు. లచ్చిరాం ఇంటికి స్లాబు పడింది, తుల్సీరాం ఇంటికి రేకులు పడ్డాయి. లచ్చిరాంకు జ్వరమొస్తే మిల్లు దవాఖానా, తుల్సీరాంకు జ్వరమొస్తే మంగ్లి కాచిన కషాయం. ఆ కషాయం తాగుతూ కూడా ఆయన గోడ అవతలికే చూసేవాడు.

"మా అన్న నీకేం చేసిండయ్యా?" అనేది మంగ్లి.

"ఏం చెయ్యలే. అదే నా బాధ," అనేవాడు. నిజంగా ఏదైనా చేసి ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది.

అన్నిట్లోనూ లచ్చిరాందే పైచెయ్యి, ఒక్క డెక్కు విషయంలో తప్ప. మిల్లులో ఒక ఆఫీసరు బదిలీ మీద వెళ్లిపోతూ, సామాను లారీకెక్కించడానికి తుల్సీరాంను పిలిచాడు. ఆ సామానులో రెండు క్యాసెట్లు పట్టే డెక్కు, నడుమెత్తు చెక్క బాక్సులు రెండు ఉన్నాయి. ఆఫీసరు వాటిని అమ్మేస్తానన్నాడు. అంతకుముందే లచ్చిరాం బేరం చేసి, పైకం తెస్తానని ఇంటికి పోయి ఉన్నాడు. ఆయన తిరిగొచ్చేలోగా తుల్సీరాం, "సారూ, నాకు కూలొద్దు, ఇది ఇయ్యుండ్రి, ఇంకెన్నిసార్లు పిలిచినా ఉత్తగనే వస్త," అని కాళ్లావేళ్లా పడ్డాడు. బదిలీ మీద పోయేవాడు మళ్లీ ఎందుకు పిలుస్తాడు! ఆఫీసరు నవ్వి, తీసుకుపొమ్మన్నాడు. భుజానికొక బాక్సు ఎత్తుకుని, మంగ్లిని పిలిపించి డెక్కు ఆమె నెత్తిన పెట్టి వస్తుంటే, దారిలో పైకం మూట పట్టుకుని లచ్చిరాం ఎదురయ్యాడు. అప్పటి లచ్చిరాం మొహాన్ని తుల్సీరాం ఈనాటికీ మరిచిపోలేదు. మనసు బాగాలేనప్పుడల్లా దాన్ని తలచుకుంటాడు.

ఇక ఆనాటి నుంచి తండాలో పెళ్లికీ, పేరంటానికీ, సేవాలాల్ పూజకూ ఆ డెక్కే మోగాలి. శ్రావణంలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి తీజ్ పండుగ చేసుకుంటారు. ఆఖరి రోజు మొలకల చుట్టూ ఆడి, వాటిని వాగులో కలుపుతారు. ఆ ఆటకు పాట డెక్కుదే. మంగ్లి దానికి అద్దాలు కుట్టిన గుడ్డ కప్పేది. తండా పాటల క్యాసెట్లు బియ్యం డబ్బాలో దాచేవాడు తుల్సీరాం. లచ్చిరాం కూతురి పెళ్లికి లచ్చిరామే స్వయంగా వచ్చి, "బావా, డెక్కు పెట్టాలె," అని అడగాల్సి వచ్చింది. తుల్సీరాం చాయ్ తెప్పించి, తాపీగా తాగి, "చూద్దాం తియ్," అన్నాడు. ఎందుకు పెట్టడు! పెట్టాడు. కానీ ఆ చూద్దాం అన్న మాట ఆయనకు పాతికేళ్ల కాంట్రాక్టు కూలీ నొప్పుల మీద రాసిన మందు.

మనిషికి వచ్చినట్లే డెక్కుకూ ముసలితనం వచ్చింది. ఎడమ బాక్సు పలకడం మానేసింది. వెనక వైరు కలిసే చోట వేలితో అదిమి పట్టుకుంటే పలుకుతుంది, వేలు తీస్తే ఊరుకుంటుంది. అతుకు పెట్టించినా, టేపు చుట్టినా అదే తంతు. భద్రాచలంలో వాటిని బాగుచేసే మెకానిక్ ఇప్పుడు ఫోన్లకు కవర్లు అమ్ముకుంటున్నాడు. "ఇంక దాన్ని నిద్రపోనియ్ పెద్దాయనా," అన్నాడు ఆయన.

సరిగ్గా అప్పుడే లచ్చిరాం రిటైరయ్యాడు. రిటైరై ఊరుకోలేదు, ఛాతీ ఎత్తున్న కొత్త బాక్సు ఒకటి తెచ్చి వాకిట్లో పెట్టాడు. దానికి రంగురంగుల లైట్లు, కింద చక్రాలు. చేతిలో ఫోను నొక్కితే చాలు, వైరు లేకుండా పాడుతుంది. తండా తండా అంతా అక్కడే గుమిగూడింది. తుల్సీరాం గడప దిగలేదు. అందరూ పోయాక, లచ్చిరాం స్నానానికి వెళ్లిన సమయం చూసి, మెల్లగా పోయి ఆ బాక్సును రెండు చేతులతో ఎత్తి చూశాడు. ఇట్టే లేచింది. ఆయన ప్రాణం లేచొచ్చింది. కర్ర యార్డులో బతుకంతా గడిపినవాడు. సరుకు విలువ కాంటా మీద తేలుతుందని ఆయన నమ్మకం. "బోలుది! లోపలేం లేదు!" అని సంబరంగా ఇంటికొచ్చి మంగ్లితో చెబుతుండగానే గోడ అవతల బాక్సు మోగింది. వంటింట్లో స్టీలు పళ్లాలు గలగలలాడాయి. మంగ్లి లేచి వాటిని కదలకుండా సర్దింది. అది చూసి ఆయనకు ఇంకా కాలింది.

ఆ తర్వాత తండా నాయక్ దారిలో కనబడి, "ఈసారి తీజ్‌కు లచ్చిరాం బాక్సు పెడదాం. నీ డెక్కుకు రెస్టు ఇయ్యి," అన్నాడు. రెస్టట!

మనవరాలు సోనికి తల్లాడ దగ్గరి తండాలో సంబంధం కుదిరి ఉంది. పెళ్లయిన పిల్ల తీజ్ బుట్ట పట్టదు. "తాతా, ఇదే నా ఆఖరు తీజ్. నీ డెక్కు మీదనే ఆడ్త. పెడ్తవా?" అని ఆ పిల్ల ఒళ్లో తల పెట్టి అడిగింది.

"డెక్కేంది బిడ్డా, దాని తాతను తెస్త," అన్నాడు తుల్సీరాం. ఆ మాట సోని కోసం అన్నదే. కానీ కొంచెం గట్టిగా, గోడ అవతలికి వినబడేలా అన్నాడు.

భద్రాచలంలో దుకాణాయన పాత సామానుకు ఎక్స్‌చేంజి ఇస్తానన్నాడు. మంగ్లి వద్దంది. "తీజ్ దాకన్నా ఉంచరాదయ్యా? ఏడ పోతది అది?" అంది. వింటే కదా! అద్దాల గుడ్డ తీసి ఆమె చేతికిచ్చి, డెక్కునూ బాక్సులనూ ఆటోలో వేసుకుని గోదావరి వంతెన దాటాడు. దుకాణంలో ఉన్న సౌండ్ బాక్సులన్నిటినీ ఒకటొకటే ఎత్తి చూడసాగాడు.

"పుచ్చకాయలా పెద్దాయనా, ఎత్తి చూస్తున్నవ్?" అన్నాడు దుకాణాయన.

"కర్రైనా బాక్సైనా బరువుంటెనే సరుకు," అన్నాడు తుల్సీరాం. అన్నిట్లోకీ నడుము పట్టేసేంత బరువున్నదాన్ని ఖాయం చేశాడు. క్యాసెట్లు కూడా ఇవ్వబోతే దుకాణాయన వాటిని ముట్టుకోనైనా లేదు. క్యాసెట్ల సంచిని తిరిగి చంకన పెట్టుకుని ఆటో ఎక్కాడు. వెనక్కి చూడకూడదనుకుని చూశాడు. డెక్కు దుకాణం మెట్ల మీద, పుట్టింటికి పంపేసిన పెళ్లాంలా కూర్చుని ఉంది.

కొత్త బాక్సు ఇంట్లో దిగాక తెలిసింది, దానికి క్యాసెట్టు పెట్టే నోరే లేదని. తుల్సీరాం చుట్టూ తిరిగి చూశాడు, బోర్లించి చూశాడు. కొడుకు సంతోష్ నవ్వాడు. "దీనికి ఫోనుల నుంచి పోతది నాయినా పాట." తుల్సీరాంది బటన్ల ఫోను. పాట దాని వల్ల కాదు. సంతోష్ తన ఫోను కలపబోతే నెట్ అయిపోయి ఉంది. ఆ గడియలోనే, చూసిపోదామని లచ్చిరాం వచ్చాడు.

"నా ఫోను కలుపు అల్లుడా, నాకు నెట్ ఉన్నది," అన్నాడు.

తుల్సీరాం వద్దనేలోపే సంతోష్ కలిపేశాడు. బాక్సులోంచి ఒక ఆడమనిషి ఇంగ్లీషులో ఏదో అంది. ఆ వెంటనే పాట మోగింది. బాగా మోగింది, కాదనడానికి లేదు. లచ్చిరాం తల ఊపుతూ, "మంచిగున్నది బావా," అన్నాడు. ఆ మెచ్చుకోలు తుల్సీరాంకు ముల్లులా దిగింది.

మర్నాడు అసలు తమాషా మొదలైంది. సంతోష్ ఫోను పట్టుకుని డ్యూటీకి పోయాడు. తుల్సీరాం బాక్సు స్విచ్చి వేసి ముందు కూర్చున్నాడు. ఆ ఆడగొంతు మళ్లీ పలికింది. ఆ తర్వాత ఎవరూ ఏమీ నొక్కకుండానే పాట మొదలైంది. తుల్సీరాం మురిసిపోయాడు. మూడో పాటకు అనుమానం వచ్చింది. ఆయన ఆపమంటే ఆగదు, పెంచమంటే పెరగదు. అరుగు మీదికి వచ్చి చూస్తే, గోడ అవతల లచ్చిరాం వేపచెట్టు కింద మంచమేసుకుని ఫోను చూస్తున్నాడు. ఆయన ఫోన్లో ఏం చూస్తే అది తుల్సీరాం ఇంట్లో మోగుతోంది. తన సొమ్ము, తన కరెంటు, తన ఇల్లు, పాట మాత్రం బావది!

సాయంత్రం సంతోష్ రాగానే మీద పడ్డాడు. "ఏమంటదిరా ఆమె? పొద్దుగాల్నుంచి ఏమంటున్నది?"

"లచ్చిరాం మామ ఫోను కలిసింది అంటున్నది నాయినా. మొదలు కలిసిన ఫోనును అది మరువదు."

"మరువదా? నేను కొన్న సంగతి మరిచిందా?"

మంగ్లి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. సంతోష్ ఏదో చేసి మామ ఫోన్ను తీసేశాడు. కానీ వారం తిరగకముందే పిల్లలెవరో నొక్కిన నొక్కుడుకు మళ్లీ కలిసిపోయింది. తుల్సీరాంకు ఆ బాక్సు మొహం చూడబుద్ధి కాలేదు. అది తన ఇంట్లో తిని పక్కింట్లో పాడే రకమని తేల్చేసుకున్నాడు.

ఇదంతా ఒక ఎత్తు. ఆ తర్వాత చూసింది ఒక ఎత్తు. ఒక పొద్దున ఇంట్లోకి దూరిన ఎవరివో మేకలను తోలుకుంటూ తుల్సీరాం, లచ్చిరాం వాకిట్లోకి పోయాడు. అరుగు మీద, గోడకు ఆనించి, చెక్క బాక్సులు రెండు. వాటి మధ్య డెక్కు. కుడి బాక్సు మూలన మంగ్లి చాట తగిలి లేచిన పెచ్చు అలాగే ఉంది. తుల్సీరాం తోలుతున్న మేకలను వదిలేశాడు.

"ఇదేడిది బావా?" అన్నాడు ఎలాగో.

"దుకాణంల కండ్లపడ్డది. తెచ్చుకున్న," అన్నాడు లచ్చిరాం, గుడ్డతో దాన్ని తుడుస్తూ.

"నీకు లైట్ల బాక్సున్నది కద? ఇదెందుకు?"

లచ్చిరాం తుడవడం ఆపలేదు. "ఆనాడు పైకం మూట గట్టుకొని వచ్చిన. నువ్వు భుజాన ఏసుకొని ఎదురొస్తివి. ఇన్నేండ్లు దీని పాట ఇంటుంటే నా కడుపుల ఏమైతుండెనో నీకు తెల్వదు బావా," అన్నాడు.

తెలియకేం! దాని కోసమే కదా తుల్సీరాం ఇన్నేళ్లూ సౌండు పెంచింది. కానీ అనుకున్నదొకటి, అయినదొకటి. లచ్చిరాం ఓర్వలేకపోయాడని తెలిసినందుకు సంతోషం కలగాలి. కలగలేదు. డెక్కు గోడ దాటి అటు పోతే, ఆ ఓర్వలేనితనం గోడ దాటి ఇటు తుల్సీరాం ఇంటికొచ్చేసింది. తనదైన వస్తువు మీద తనకే కుళ్లు పుట్టడం ఆయన జన్మలో ఎరగడు. ఒకే ఒక్క ఊరట మిగిలింది. లచ్చిరాం దగ్గర క్యాసెట్లు లేవు. అవన్నీ బియ్యం డబ్బాలో భద్రంగా ఉన్నాయి.

తీజ్ ఆఖరి రోజుకు వానలు దంచికొట్టాయి. భద్రాచలం దగ్గర గోదావరి మొదటి ప్రమాద హెచ్చరిక దాటింది. కరెంటు దయతలచి ఉండిపోయింది కానీ ఫోన్ల టవరు పోయింది. మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. ఆడపిల్లలు కొత్త గాగ్రాలు కట్టుకుని, పచ్చని మొలకల బుట్టలు మధ్యలో పెట్టి నిలబడ్డారు. లచ్చిరాం లైట్ల బాక్సు రంగులు తిప్పుతోంది, పాట లేదు. తుల్సీరాం బరువు బాక్సులో ఆడమనిషి మాట్లాడుతోంది, పాట లేదు. ఎవరి ఫోను చూసినా మధ్యలో సున్నా గిరగిర తిరగడమే. పాటలు దాచుకునే అలవాటు ఎవరికుంది, నెట్ ఉండగా! ముసలమ్మలు నోటితో అందుకున్నారు. ఆడపిల్లలకు ఆ మాటలు రావు, అడుగు పడలేదు, ఒకరినొకరు చూసుకుని నవ్వేశారు. సోని నవ్వలేదు. తల్లాడ నుంచి ఆమెను చేసుకోబోయేవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు.

సోని ఉరికి వచ్చింది. "తాతా, క్యాసెట్లు ఇయ్యి. లచ్చిరాం తాత డెక్కుల ఏసుకుంటం."

లచ్చిరాం తాత డెక్కు! సోని నోట! తుల్సీరాం బియ్యం డబ్బా మూత మీద చెయ్యేసి కూర్చున్నాడు. "డెక్కును నా ఇంటికి తెమ్మను. ఇస్త," అన్నాడు.

ఆ మాట మోసుకుపోయిన మంగ్లి అంతలోనే తిరిగొచ్చింది. "తడి నేల మీద కదపనన్నడు మా అన్న. క్యాసెట్లే తెమ్మన్నడు."

"అట్లయితే లేవు."

"నువ్వు నీ బావ మీద పగ తీర్చుకుంటున్నవా, పిల్ల ఆఖరు తీజ్ మీదనా?" అంది మంగ్లి. ఈసారి ఆమె కొంగు నోటికి అడ్డం లేదు.

సోని గడప దగ్గర నిలబడి, చెవి దగ్గరి వెండి జుమికీలు సర్దుకుంటూ, తడిసిన వాకిట్లోకి చూస్తోంది. తుల్సీరాం ఆ పిల్ల వీపును చూశాడు. తర్వాత బియ్యంలో మోచేతిదాకా చెయ్యి పెట్టి క్యాసెట్టు తీశాడు. "ఇంకొకరి చెయ్యి పడద్దు. నేనే ఏస్త," అని లేచాడు.

లచ్చిరాం ఇంటి అరుగెక్కడం అదే మొదటిసారి కాదు కానీ, ఆ మెట్లు అంత ఎత్తుగా ఎన్నడూ లేవు. మంగ్లి వెనకే వచ్చి అద్దాల గుడ్డను డెక్కు మీద కప్పింది. తుల్సీరాం క్యాసెట్టు వేసి మీట నొక్కాడు. కుడి బాక్సు ఒక్కటే, గొంతు సగం పోయిన మనిషిలా పలికింది. ఆడపిల్లల దాకా చేరనే లేదు.

"ఎడమది పలుకుత లేదు బావా. ఆనాడే చూసి తీసుకోవల్సింది," అన్నాడు లచ్చిరాం. మొహం చిన్నబోయింది. అదే మొహం. దారిలో పైకం మూటతో ఎదురైనప్పటి మొహం. ఇన్నేళ్లకు మళ్లీ దొరికింది. తుల్సీరాం దాన్ని కళ్లారా చూసుకుని, ఏమీ ఎరగనట్లు ఇంటికి పోవచ్చు.

పోలేకపోయాడు. దయ వల్ల కాదు. పరాయి అరుగు మీద, పదిమంది ముందు తన డెక్కు అలా ముక్కుతూ మూలుగుతూ ఉండటం ఆయన చూడలేకపోయాడు. లచ్చిరాంను పక్కకు జరిపి, బాక్సును గోడ నుంచి ముందుకు లాగి, వెనక్కి పోయి, వంగి, వైరు కలిసే చోట చూపుడువేలు పెట్టి అదిమాడు. ఎడమ బాక్సు ఒక్కసారిగా గొంతు విప్పింది. తండా అంతా నిండిపోయింది. పిల్లల గాజులు కలిసి మోగాయి. సోని మొదటి అడుగు వేసింది.

"అబ్బ! డెక్కు లచ్చిరాం, ఇంకింత సౌండు పెట్టు!" అని నాయక్ అరిచాడు.

డెక్కు లచ్చిరాం. అంత తేలిగ్గా అనేశాడు. చుట్టూ ఉన్నవాళ్లెవరికీ వింతగా కూడా అనిపించలేదు. లచ్చిరాం మీసం మీద చెయ్యేసి సౌండు పెంచాడు. తుల్సీరాంకు లోపల భగ్గుమంది. వేలు తీశాడు. ఎడమ బాక్సు ఊరుకుంది. ఆటలో ఆడపిల్లల చేతులు గాల్లోనే ఆగిపోయాయి. సోని తిరిగి అరుగు వైపు చూసింది. తాత కోసం చూసిందో పాట కోసం చూసిందో తెలియదు. తుల్సీరాం మళ్లీ వేలు పెట్టాడు.

పాట సాగింది. ఒకటైపోగానే ఇంకోటి. వంగిన నడుము నిలువునా నొప్పి. తల్లాడ నుంచి వచ్చిన వాళ్లలో ఒక పెద్దామె పక్కనున్న పిల్లను అడగడం ఆయన చెవిన పడింది.

"ఆ యెనక వంగుకున్న ముసలాయన ఎవరే?"

"తుల్సీరాం తాత."

"ఏ తుల్సీరాం?"

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. మేకలాయన కాదు, కొట్టాయన కాదు. డెక్కు చూస్తే లచ్చిరాందాయె.

"వైరు తుల్సీరాం," అంది.

పెద్దామె తలూపి, మళ్లీ ఆట చూడసాగింది. ఆ పేరు తండాలో పాకడానికి ఎంతో కాలం పట్టదని తుల్సీరాంకు తెలుసు, ఇలాంటివి ఎలా అంటుకుంటాయో ఆయనకంటే ఎరిగినవాడు లేడు. లచ్చిరాం ముందు నిలబడి అందరి దండాలూ అందుకుంటున్నాడు. బుట్టల చుట్టూ సోని గాగ్రా గుండ్రంగా తిరుగుతోంది. చూపుడువేలు తిమ్మిరెక్కింది. తుల్సీరాం పాట తెగకుండా, మెల్లగా, దాని స్థానంలోకి ఎడమచేతి వేలు జరిపాడు.